తువ్వాలు కింద మాట

ఆయన పోయిన రోజు పొద్దున ఆయన ఫోటో నా ఫోనుకు రెండుసార్లు వచ్చింది. రెండు వేర్వేరు గ్రూపులు పెట్టిన ఒకే ఫోటో అది. మొదటిదాంట్లో ఆయనా, పక్కన పొదిలి మాస్టారూ ఉన్నారు. ఆయన రెండో భుజం మీద ఎవరిదో చెయ్యి ఉంది, ఆ చేతికి మనిషి లేడు. రెండోదాంట్లో ఆయన పక్కన చీరాల చీరల షాపాయన ఉన్నాడు. అక్కడా ఇవతలి భుజం మీద ఒక చెయ్యి ఉంది, మనిషి లేడు. ఫోటో తీసింది నేనే కాబట్టి ఏ చెయ్యి ఎవరిదో నాకు తెలుసు. చిలకలూరిపేటలో హైవే పక్క హోటల్లో ముగ్గురూ భోంచేసి బయటికి వచ్చి నిలబడితే తీశాను. మాస్టారి గ్రూపువాళ్ళు షాపాయనను కత్తిరించారు. షాపాయన గ్రూపువాళ్ళు మాస్టారిని కత్తిరించారు. చేతులు మాత్రం కత్తిరించడానికి కుదరలేదు.

ఫోటో కింద రెండు చోట్లా ఒకే ముక్క రాశారు, ‘మన మనిషి’ అని. ఆయన్ని ఆ రెండు గ్రూపుల్లోంచీ తీసేసి అప్పటికి ఒక పత్తి సీజను గడిచిపోయింది.

నేను పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లులో కాటా దగ్గర గుమస్తాని. లారీ కాటా ఎక్కుతుంది, అంకె పడుతుంది, రాస్తాను. పదో తరగతితో బడి మానేశాను గాని లెక్క మానలేదు. వడ్డీలు, శాతాలు, తేమకు తీసే తరుగులు ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నవే. ఆయన పత్తి బేరాల మధ్యవర్తి. అంతకు ముందు ఎడ్ల సంతల్లో మధ్యవర్తి. ట్రాక్టర్లు వచ్చాక ఎడ్లు తగ్గాయి, ఆయన పత్తికి మళ్ళాడు. సంత నుంచి వెంట తెచ్చుకున్నది ఒక్క తువ్వాలు. ఎర్ర గళ్ళది. చొక్కా ఇస్త్రీ చేసిందా లేదా ఎప్పుడూ చూసుకోడు గాని తువ్వాలు మడత చెదిరితే విదిలించి మళ్ళీ భుజాన వేసుకునేవాడు. అందరూ భాయ్ అనేవాళ్ళం. ఆయన నన్ను గుమస్తా అనేవాడు.

టీ తాగడం కూడా బేరం చేసినట్టే ఉండేది. సగం సాసర్లో పోసి ఎదుటివాడి వైపు జరిపేవాడు. వద్దంటే ఇంకాస్త జరిపేవాడు. మనం తాగిందాకా మాట మొదలుపెట్టడు.

ఆ తువ్వాలు ఎందుకని ఒకసారి అడిగాను. అప్పుడు కాటా మీద లారీ లేదు.

“చెయ్యి ఇటియ్యి” అన్నాడు. ఇచ్చాను. రెండు చేతుల మీదా తువ్వాలు కప్పాడు. లోపల నా చూపుడు వేలు పట్టుకున్నాడు. “ఇది ఒకటి. రెండు వేళ్ళు కలిపి పట్టుకుంటే రెండు. చెయ్యంతా పడితే అయిదు. వందలా వేలా అన్నది నోటితో చెప్తా. ఎన్ని అన్నది నీకూ నాకే తెలుసు.”

“చుట్టూ ఉన్నోళ్ళు వింటే ఏమైంది భాయ్? ధరే కదా.”

“ఏమయ్యేది ఏంది? యాభై మంది వింటుండగా ముప్పై అన్నోడు ఇరవై ఎనిమిదికి ఎట్టా దిగుతాడు? చచ్చినా దిగడు. పరువు. తువ్వాలు కిందయితే ఎంతకైనా దిగుతాడు. ఎవరు తగ్గారో ఎవరికీ తెలవదుగా.”

“మరి మీకు తెలుసుగా.”

“నాకు తెలిసింది నాతో పోవాల. తువ్వాలు ఎత్తి చూపిచ్చినోణ్ణి మళ్ళీ సంతలోకి రానియ్యరు.”

వేలు వదిలిపెట్టాడు గాని తువ్వాలు వెంటనే తియ్యలేదు. లోపల చెయ్యి వెనక్కి తీసుకున్నాకే తీశాడు. అదీ పద్ధతేనట.

మా వైపు పత్తి, మిర్చి బేరాలు చేసేవాళ్ళలోకి ఇంటర్నెట్ నాణెం వచ్చింది ఆ రోజుల్లోనే. చేత్తో పట్టుకునేది కాదు. ఫోనులో కొనడం, ఫోనులో దాచడం, ఫోనులో అమ్మడం. ధర ఎక్కడం దిగడం చూస్తూ బతికేవాళ్ళకు అది కొత్తగా అనిపించలేదు. పొదిలిలో ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్పే మాస్టారు, చీరాలలో నేత చీరల షాపు నడిపే ఆయన కలిసి తెలుగులో ఒక గ్రూపు పెట్టారు. నాణెం ఎట్లా పనిచేస్తుందో మాస్టారు చెప్పేవాడు, ఎప్పుడు కొనాలో షాపాయన చెప్పేవాడు. వాళ్ళిద్దరినీ మొదట కలిపింది ఈయనే. ఒక పత్తి బేరంలో మాస్టారి తమ్ముడు, ఇంకో బేరంలో షాపాయన బావమరిది తగిలి, అట్లా కుదిరింది. “జోడెడ్లయ్యా ఇద్దరూ. ఒకటి తెల్లది, ఒకటి మచ్చలది. అయితేనేం, అడుగు కలిసింది” అనేవాడు.

ఆయన కొన్నది చాలా తక్కువ. గ్రూపులో మాట్లాడింది మాత్రం అందరికంటే ఎక్కువ. రాయడం చేతకాదు, వాయిస్ పెట్టేవాడు. ఫోను మొహానికి అద్దంలా పట్టుకుని, సంతలో అవతలి వరసకు వినపడేట్టు మాట్లాడేవాడు. కాటా గదిలో ఈయన గుడ్ మార్నింగ్ అంటే బయట లారీ క్లీనరు తిరిగి గుడ్ మార్నింగ్ అనేవాడు.

తర్వాత నాణెం చీలింది. దాని పేరు చెప్పను, ఇప్పుడు దానికి రెండు పేర్లున్నాయి. దాని లెక్క ఒక్కచోట ఉండదు, ఎక్కడెక్కడో ఉన్న కంప్యూటర్లన్నీ అదే లెక్కను ఉంచుకుంటాయి. ఆ కంప్యూటర్లు నడిపేవాళ్ళలో కొందరు నియమం మార్చాలన్నారు, కొందరు వద్దన్నారు. ఒక రోజు నుంచి లెక్క రెండు దారులు పట్టింది. ఒక నాణెం ఉన్నవాడికి పాతదొకటి, కొత్తదొకటి, రెండు వచ్చాయి. రెండిటి ధరా కలిపినా మునుపటి ఒక్కదాని ధర రాలేదు. అయినా రెండూ అందరి దగ్గరా ఉన్నాయి కాబట్టి ఎవరూ ఎవరితోనూ పోట్లాడాల్సిన పని లెక్క ప్రకారం లేదు.

పోట్లాడారు. మాస్టారు పాతదే అసలుదన్నాడు. షాపాయన కొత్తదే నిలబడేదన్నాడు. గ్రూపులో అందరి ముందూ మాస్టారు, “గజం బద్దతో చీరలు కొలుచుకునేవాడికి దీని సంగతి ఏం తెలుస్తుంది?” అన్నాడు. “సుద్దముక్కలు అరగదీసుకునేవాడు ఏనాడన్నా రూపాయి లాభం చూశాడా?” అన్నాడు షాపాయన. వందల మంది చూస్తున్నారు. ఎవరి వెనక వాళ్ళు చేరారు. గ్రూపు రెండయింది. అవతలి గ్రూపులో ఉన్నట్టు తెలిస్తే ఇవతల తీసేసేవాళ్ళు. రెండు గ్రూపులకూ లెక్కలు వేసిపెట్టేవాణ్ణి కాబట్టి నన్ను ఎవరూ తియ్యలేదు. భాయ్‌ని తియ్యడానికి ఎవరికీ మనసొప్పలేదు.

ఆయన మా కాటా గదిలో కూర్చుని ఇద్దరికీ ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టాడు. గ్రూపులో ఒక్క మాట మాట్లాడడు. “అది సంత. అక్కడ అరిచింది ధర కాదు” అనేవాడు. ముందు మాస్టారికి చేసేవాడు. ఫోను పెద్దగా వినపడేది కాబట్టి నాకూ వినపడేది. మాస్టారు తిట్టినంతసేపు తిట్టనిచ్చి, పెట్టేసి, షాపాయనకు చేసేవాడు.

“మాస్టారితో ఇప్పుడే మాట్లాడానండి. మీ షాపు ఎట్టా నడస్తందని అడిగారు. వ్యాపారం తెలిసినోళ్ళు మనకు కావాలయ్యా, ఆయన పోవడం మన తప్పే అన్నారు.”

“అన్నాడా ఆ మాట?” అన్నాడు షాపాయన.

“నాతోనే అన్నారండి.”

ఫోను పెట్టాక నేను ఊరుకోలేకపోయాను. “ఆయన షాపు మాట ఎత్తనే లేదు కదా భాయ్.”

“ఎత్తలేదు.”

“మరి?”

“ఆయనకు ఎత్తాలనుంది. ఎద్దు తలకాయ అటు తిప్పినా చెవి ఇటే ఉంటది, చూశావా ఎప్పుడన్నా?”

“ఫోనులో చెవి కనపడదు కదా.”

నవ్వాడు. “నువ్వు కాటా మనిషివి. వచ్చింది వచ్చినట్టు రాయాల. మీ మిల్లోళ్ళు మాత్రం తేమకు తరుగు తీసి కదా లెక్క కట్టేది. నేనూ అంతే. తడి తీసేసి చెప్తున్నా.”

తరుగు తియ్యడం వేరు, లేనిది కలపడం వేరు అన్నాను. ఆయన సాసరు నా వైపు జరిపాడు.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ నెలల్లో ఆయన చేసింది చిన్న పని కాదు. ఆ ఇద్దరూ మెత్తబడ్డారు. ఆదివారం మధ్యాహ్నాలు రెండు గ్రూపులవాళ్ళూ ఒకే చోట చేరి మాట్లాడుకునే ఏర్పాటు జరిగింది. నాణేలకు తాళంచెవి లాంటి పన్నెండు రహస్య మాటలుంటాయి, అవి ఎవడికైనా ఇస్తే నాణేలు ఇచ్చేసినట్టే. వాటిని ఎట్లా దాచుకోవాలో మాస్టారు చెప్పేవాడు. తొందరపడి అమ్మొద్దని షాపాయన చెప్పేవాడు. ఒకరినొకరు ‘గారు’ అనుకునేవారు. కనిగిరిలో టైలరింగు చేసే ఒకావిడ, “మీరిద్దరూ ఇట్లా ఉంటే మాకు భయం లేదండి” అంది. అది విని ఈయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆయన ఆ తువ్వాలుతో ఏమైనా తుడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. హోటల్లో భోజనం, ఫోటో ఆ వారంలోవే.

ఆ సఖ్యత కట్టిన మాటల్లో ఒక్కటి కూడా నిజమైంది కాదని తెలిసినవాళ్ళం ఆయనా నేనూ ఇద్దరమే.

చెడింది ఇట్లా. షాపాయన గ్రూపులోకి ఎవరో ఒక లింకు పంపారు. కొత్త నాణెం ఉన్నవాళ్ళకు అదనంగా ఇస్తున్నారు, పన్నెండు మాటలు కొట్టి తీసుకోండి అని. షాపాయన మంచిదనుకుని దాన్ని గ్రూపులో అందరికీ పెట్టాడు. తిరిగి తిరిగి తనదాకా వచ్చిన ఆ లింకు వల అని మాస్టారు కనిపెట్టాడు. గ్రూపులో అంటే మళ్ళీ సంత అవుతుందని, ఈయన చెప్పిన పద్ధతినే పాటించి, ఈయనకు వాయిస్ పెట్టాడు. అట్లాగే షాపాయనకు పంపించమన్నాడు.

ఈయన అప్పుడు పర్చూరు దగ్గర ఒక పత్తి కళ్ళంలో ఉన్నాడు. వాయిస్ విన్నాడు. పంపలేదు. ఒకరి గొంతు ఇంకొకరికి వినిపించడమంటే ఆయన లెక్కలో తువ్వాలు ఎత్తడమే. షాపాయనకు ఫోను చేసి, తన మాటల్లో చెప్పాడు. “మాస్టారు ఆ లింకు సంగతి అడిగారండి. తొందరేం లేదు, వీలు చూసుకుని ఒకసారి పరిశీలించమన్నారు. మీరు చూస్తే ఆయనకు ధైర్యమంట.”

పెళ్ళిళ్ళ రోజులు, షాపులో జనం. షాపాయన షాపు కట్టేశాక చూశాడు. బట్ట మంచిదో కాదో వేళ్ళతో పట్టి చూసే మనిషి ఆయన. లింకును కూడా అట్లాగే చూశాడు, తన పన్నెండు మాటలు తనే కొట్టి. ఆయనవి పోయాయి. పగలంతా ఆయన్ని నమ్మి కొట్టినవాళ్ళవి అప్పటికే పోయాయి. కనిగిరి టైలరు ఆవిడవి కూడా.

మర్నాడు మాస్టారు తన వాయిస్‌ను తన గ్రూపులో పెట్టాడు, నేను ముందే చెప్పానని చూపించడానికి. అది తిరిగి తిరిగి షాపాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన మాస్టారికి నేరుగా ఫోను చేశాడు, చీలిక తర్వాత మొదటిసారి. ఇద్దరూ మాట్లాడుకుంటే తేలింది. వాయిస్‌లో ఉన్న మాటలు వేరు, షాపాయనకు అందినవి వేరు. అక్కణ్ణించి వెనక్కి వెళ్ళారు. షాపు సంగతి అడిగావా? అడగలేదు. నా లెక్క గొప్పదన్నావా? అనలేదు. నెలల తరబడి ఒకరి గురించి ఒకరు విన్న మంచిమాటల్లో ఒక్కటీ ఎవరూ అన్నది కాదు. చివరికి మళ్ళీ తిట్టుకునే ఫోను పెట్టేశారట. ఆ సాయంత్రం ఇద్దరూ ఎవరి గ్రూపులోంచి వాళ్ళు ఆయన్ని తీసేశారు. వాళ్ళిద్దరికీ నిజంగా ఏకాభిప్రాయం కుదిరింది ఆ ఒక్క విషయంలోనే.

ఆ తర్వాత ఆయన కాటా గదికి వచ్చి కూర్చున్నాడు. భుజం మీద తువ్వాలు లేదు. నేను టీ తెప్పిస్తే సాసర్లో పొయ్యలేదు. ఫోను తీసి బల్ల మీద పెట్టి, “విను” అన్నాడు.

మాస్టారి గొంతు వచ్చింది. “భాయ్, వాడు పెట్టింది దొంగ లింకు. తెలిసి పెట్టాడో తెలియక పెట్టాడో నాకనవసరం, వాడి తెలివికి తెలియకే పెట్టుంటాడు. ఇప్పుడే, ఈ నిమిషమే తియ్యమను. పన్నెండు మాటలు ఇచ్చినవాడు ఇచ్చినట్టే మునుగుతాడు. ఈ వాయిస్ అట్లాగే పంపు భాయ్, నువ్వేం కలపొద్దు.”

ఒకరి మాటను ఆయన ఇంకొకరికి ఉన్నదున్నట్టు వినిపించింది అదొక్కసారే అనుకుంటాను.

“పంపితే పోయేది కదా భాయ్.”

“దొంగ అన్నాడుగా. తెలివిలేదన్నాడుగా. అది వింటే ఆయన మళ్ళీ మాస్టారి మొహం చూస్తాడా?”

“ఇప్పుడు చూస్తున్నారా?”

బయట లారీవాడు హారను కొట్టాడు. నేను వెళ్ళి తూకం రాసి వచ్చేసరికి ఆయన అట్లాగే ఉన్నాడు.

“అందులో కలపొద్దు అన్న మాట కూడా ఉందయ్యా” అన్నాడు. “అంటే ఆయనకి ముందే తెలుసు, నేను కలుపుతానని.”

“తెలిసినట్టే ఉంది.”

“తెలిసి కూడా ఇన్నాళ్ళూ వింటానే ఉన్నాడు.”

కనిగిరి ఆవిడకు ఫోను చేశారా అని అడిగాను. చేశాడట. ఆవిడ తిట్టలేదట. “తిడితే బాగుండేది” అన్నాడు.

ఆ సీజనంతా ఆయన బేరాలకు రాలేదు. రైతులు వచ్చి అడిగేవాళ్ళు, “సాయిబు రాలా?” అని. ఒకసారి బజార్లో కనపడితే పలకరించాను. ఏదడిగినా అవును, కాదు అనే రెండు మాటల్లోనే జవాబిచ్చాడు. అంతకు మించి ఒక్క మాట కలిపితే ఎవరికేం అవుతుందో అన్నట్టు ఉంది ఆయన వాలకం. తర్వాత జబ్బు చేసిందన్నారు. గుంటూరు తీసుకెళ్ళి తీసుకొచ్చారు. ఆ తర్వాత ఎక్కువ రోజులు లేడు.

జనాజా మొయ్యడానికి ఇద్దరూ వచ్చారు. మాస్టారు బస్సులో, షాపాయన కారులో. వీధిలో అటు చివర ఒకరు, ఇటు చివర ఒకరు నిలబడ్డారు. ఆయన కొడుకు తండ్రి కాళ్ళ దగ్గర ఎర్ర గళ్ళ తువ్వాలు మడిచి పెట్టబోతే, కఫన్ గుడ్డలో అట్లాంటివి పెట్టకూడదని పెద్దాయనెవరో చెప్పాడు. అతను దాన్ని తీసి గూట్లో పెట్టాడు. పాడె లేపేటప్పుడు మాస్టారు ముందు ఎడమ వైపు పట్టాడు. కాసేపటికి షాపాయన వెనక కుడి వైపు ఎవరినో తప్పించి పట్టాడు. ఇద్దరి మధ్యా ఆయన ఉన్నాడు కాబట్టి ఒకరికొకరు కనపడి ఉండరు. బరువు మాత్రం ఇద్దరికీ తెలిసే ఉంటుంది. ఒకరు అడుగు తడబడితే పాడె మొత్తం కదులుతుంది.

మట్టి ఇచ్చాక షాపాయన నా పక్కకు వచ్చాడు. చెప్పులు వేసుకుంటూ, మాస్టారి వైపు చూడకుండా, “మాస్టారు ఎప్పుడొచ్చాడు?” అని అడిగాడు. పొద్దున వచ్చాడని చెప్పాను. తల ఊపి కారెక్కాడు. కారు పర్చూరు రోడ్డు వైపు వెళ్ళిపోయింది.

మాస్టారితో కలిసి నేను బస్టాండుకు నడిచాను. దర్శి మీదుగా పొదిలి వెళ్ళే బస్సు ఇంకా రాలేదు. టీ తీసుకున్నాం. సగం తాగి అడిగాడు.

“చీరాలాయన ఏమన్నాడు నా గురించి?”

“మీరెప్పుడొచ్చారని అడిగారండి.”

“ఇంకా?”

“అంతేనండి.”

“అంతేనా?”

“అంతేనండి.”

మాస్టారు గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. బస్సు వచ్చి ప్లాట్‌ఫారం మీద ఆగింది. జనం ఎక్కుతున్నారు. ఆయన లేవలేదు.

“భాయ్ అయితే ఇంకో మాట కలిపి చెప్పేవాడు” అన్నాడు.

“చెప్పేవారండి.”

మాస్టారు నా మొహంలోకి చూశాడు. కండక్టరు విజిలు వేసేదాకా చూస్తూనే ఉన్నాడు. నా దగ్గర కలపడానికి ఏమీ లేదు. ఆయన గ్లాసు బల్ల మీద పెట్టి, బస్సెక్కి, నేనున్న వైపు కాక అవతలి వైపు కిటికీ దగ్గర కూర్చున్నాడు.